చూడకుండానే కొంటానంటే...

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఓ మధ్యతరగతి కుటుంబం పాత కారు అమ్మాలనుకుంటుంది. బ్రోకరుకు కమీషన్ దండగని ఇంటర్నెట్‌లో ప్రకటన ఇస్తుంది. అంతలోనే విదేశం నుంచి బేరం! దుబాయ్‌లో ఉద్యోగమట. కారు చూడడు, ఇంజన్ సంగతి అడగడు, రూపాయి తగ్గించమనడు. అనుమానించాల్సింది అక్కడే. నిజంగా కొనే ప్రవాసుడైతే ఊళ్లోని బంధువునో, మెకానిక్‌నో పంపి చూపించుకుంటాడు.

మోసగాడి దారులు మూడు. ధరకు మించి చెక్కు పంపి, మిగిలింది షిప్పింగ్ ఏజెంటుకు కట్టమంటాడు. అది కట్టాక చెక్కు బౌన్సవుతుంది. లేదా, డీడీతో వస్తే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆపారు, సుంకం కట్టమంటాడు. అదీ కాకుంటే క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు పడాలంటే పిన్ నొక్కమంటాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. నొక్కితే పోయేది మన సొమ్మే.

ఫోన్లో మెసేజ్ చూసి మురిసిపోకుండా, బ్యాంకు ఖాతా చూసుకున్నాకే తాళాలివ్వాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి ఊరుకోకుండా, ఆర్సీలో పేరు మారేదాకా వెంటపడాలి. కొనేవారు సరిహద్దు అవతల ఆంధ్రావారైతే ఆర్టీవో ఎన్‌ఓసీ కూడా కావాలి. ఆర్సీలో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అమ్మేసినా ప్రమాద పరిహారం పాత యజమాని మెడకే చుట్టుకోవచ్చు.

మోసపోతే పరువు పోతుందని దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకే లాభం.