గడ్డి మీద మెట్లు

డాలస్ శివారులో అరెకరం స్థలంలో ఇల్లు. వినాయక చవితికి ముందు శనివారం. కొడుకు పొద్దున్నే టోపీ పెట్టుకుని, రైడింగ్ మోవర్ ఎక్కి, గంటసేపు లాన్ అంతా తిరిగి వచ్చాడు. చిన్న ట్రాక్టర్‌లాంటి ఆ బండి మీద కూర్చుని తోలుతుంటే కింద బ్లేడ్లు గడ్డి కోసుకుపోతాయి. తెనాలి దగ్గర పల్లె నుంచి చూడ్డానికి వచ్చిన తండ్రి వరండాలో కాఫీ తాగుతూ అంతా చూశాడు.

''ఏంట్రా, గడ్డి కోశావా, మెట్లు కట్టావా?''

నిజమే. ఒక చాలు ఎత్తు, పక్క చాలు పల్లం. మధ్యమధ్యలో కోయకుండా మిగిలిపోయిన గడ్డి గీతలు!

''బండి పాతదైపోయింది నాన్నా. కొత్తది కొనాలేమో...''

''కొందువుగానిలే. ముందు టైర్లలో గాలి చూశావా?''

చూడలేదు. చాలా ఇళ్లలో జరిగేదిదే. కోత వంకర పోగానే బండి మీదో, బ్లేడు మీదో నెపం వేస్తారు. నలభై ఏళ్లు పొలంలో ట్రాక్టర్ తోలిన మనిషికి మాత్రం అనుమానం టైరు మీదికే పోయింది. రైడింగ్ మోవర్‌లో బ్లేడ్లుండే ఇనుప తొట్టిని డెక్ అంటారు. అది చక్రాల మధ్య కడ్డీలకు వేలాడుతూ ఉంటుంది. ఒక టైరులో గాలి తగ్గితే బండి అటు ఒరుగుతుంది. బండితోపాటే డెక్కూ ఒరుగుతుంది. ఇక కోత సమంగా ఎలా వస్తుంది?

ఎంత గాలి ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. చాలావాటిలో ముందు టైర్లకు 14, వెనక టైర్లకు 10 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటుంది. కారు టైరుకు పట్టినట్టు 30 పట్టించారో, అసలుకే మోసం!

కుడి, ఎడమ... ముందు, వెనక

గాలి సరిపోయాక డెక్ మట్టం చూడాలి. దానికన్నా ముందు చేయాల్సినవి కొన్నున్నాయి. ఇంజిన్ ఆపాలి. తాళం తీసి జేబులో వేసుకోవాలి. పార్కింగ్ బ్రేకు వేయాలి. స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయాలి. బ్యాటరీ బండైతే కరెంటు పూర్తిగా తెగేలా పుస్తకంలో చెప్పినట్టు చేయాలి. చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి. బండిని ఒక్క జాకీ మీద లేపి కిందకి దూరడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, డెక్‌ను మామూలుగా కోసే ఎత్తుకు దించాలి. బ్లేడ్లను కుడి ఎడమలకు అడ్డంగా తిప్పాలి. బయటివైపు కొనల నుంచి నేలకు ఎంత ఎత్తుందో రెండు పక్కలా కొలవాలి. తేడా మూడు మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే గడ్డి మీద మెట్లు పడతాయి. డెక్‌ను పట్టి ఉంచే కడ్డీ దగ్గర సర్దుబాటు నట్టు ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ కొలుస్తూ సమం చేసుకోవాలి.

తర్వాత బ్లేడ్లను ముందుకూ వెనక్కూ నిలువుగా తిప్పి కొలవాలి. ఇక్కడ మాత్రం రెండు కొలతలూ సమానంగా ఉండకూడదు! వెనక కొనకన్నా ముందు కొన కాస్త కిందికుండాలి. బండిని బట్టి అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి మూడెనిమిదో వంతు దాకా. ఎందుకంటే ముందు అంచు కోసిన గడ్డిని వెనక అంచు మళ్లీ తాకకూడదు. తాకితే కోసిందే కోస్తూ ఇంజిన్ మీద భారం పడుతుంది.

బ్లేడు చెప్పే సంగతులు

మట్టం సరిచేసినా మధ్యలో గీతలు మిగులుతున్నాయా? అప్పుడు బ్లేడు చూడాలి. కోసిన పోచ కొన చీలికలై, రెండు రోజులకు గోధుమరంగుకు తిరిగితే పదును పోయినట్టే. అసలు అంచు ఏ వాలులో ఉందో అదే వాలులో ఆకురాయితో పదును పెట్టాలి. పెట్టాక మధ్య రంధ్రంలో మేకు దూర్చి వేలాడదీయాలి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు బండిని వణికిస్తుంది, బేరింగుల్ని తినేస్తుంది.

వంగిన బ్లేడును పట్టుకోవడం తేలికే. ఒక కొన ఎత్తు కొలిచి, బ్లేడును అర చుట్టు తిప్పి, రెండో కొనను అదే చోట కొలవాలి. తేడా వస్తే బ్లేడు వంగినట్టు. దాన్ని సుత్తితో సరిచేయకూడదు, మార్చేయాలి. తిరిగి బిగించేటప్పుడు రెక్కలా వంగిన భాగం పైకి, డెక్ వైపుకు ఉండాలి. ఆ రెక్కే గాలిని పైకి లాగి గడ్డిని నిలబెడుతుంది. తలకిందులుగా బిగిస్తే కోత ఉండదు, తొక్కుడే!

డెక్ లోపల ఎండి అట్టకట్టిన గడ్డిని గీకేయాలి. బెల్టు వదులైందేమో చూడాలి. కోసేటప్పుడు ఇంజిన్ పూర్తి వేగంతో, బండి మాత్రం నెమ్మదిగా నడవాలి. చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. తడి గడ్డి జోలికి వెళ్లకూడదు. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు.

ఒడిలో మనవడు

తండ్రీకొడుకులు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. కుడి ముందు టైరులో గాలి సగమే ఉంది. డెక్ అటువైపు దిగింది. ఒక బ్లేడు మొద్దుబారింది. కొత్త బండి ఖర్చు తప్పింది.

''ఒకసారి నేను తోలతాను. బుజ్జిగాణ్ని ఒళ్లో కూర్చోబెట్టు'' అన్నాడు తాత సంబరంగా. ఊళ్లో ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన అలవాటు మరి!

''వద్దు నాన్నా. నువ్వు తోలు. వాణ్ని మాత్రం లోపలే ఉండనీ.''

పెద్దాయన ముఖం చిన్నబోయింది. కానీ కొడుకు మాటే సబబు. అక్కడి ప్రమాణాల ప్రకారం బ్లేడు కొన వేగానికి గరిష్ఠ పరిమితే నిమిషానికి 19 వేల అడుగులు. అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు! ఒళ్లోంచి జారినా, వెనక్కి తిప్పేటప్పుడు బిడ్డ వెనకాల ఉన్నా క్షణంలో ఘోరం జరిగిపోతుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒకే మాట చెబుతుంది. రైడింగ్ మోవర్ తోలడానికి కనీసం 16 ఏళ్లుండాలి. పిల్లల్ని పక్కనా, ఒళ్లోనా ఎక్కించుకోకూడదు. కోత జరుగుతున్నంతసేపూ చిన్నపిల్లలు ఇంట్లోనే ఉండాలి.

తాత సంగతి అర్థం చేసుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న మనవడికి తనూ చెయ్యి ఊపి సీటెక్కాడు. ఎక్కినవాడు మళ్లీ దిగాడు. వంగి గడ్డిపోచ ఒకటి తుంచి చూశాడు.

''ఇది మన గరిక కదరా!''

అవును. టెక్సస్‌లో ఏపుగా పెరిగే బెర్ముడా గ్రాస్ మన గరికే. తెనాలి పొలంలో కలుపని పీకేసినదాన్నే కొడుకు ఇక్కడ నీళ్లు పెట్టి పెంచుతున్నాడు. తండ్రి నవ్వుకున్నాడు. కంచె పక్కన జానెడు చోటు కోయకుండా వదిలి, మిగతాదంతా తివాచీ పరిచినట్టు కోశాడు.

చవితి పొద్దున తాతా మనవడూ కలిసి ఆ మూలకే వెళ్లారు. పూజకు గరిక కోశారు. చేత్తోనే!