గోడకు నోరు పెట్టేముందు

గోడలకు చెవులుంటాయంటారు కదా. ఇబ్రహీంపట్నంలో కడుతున్న మా ఇంటి హాలు గోడకు నేను నోరు కూడా పెడదామనుకున్నా. అదే, ఇన్‌వాల్ స్పీకర్లు! డబ్బాలుండవు, వైర్లు కనబడవు. టీవీ వెనక గోడకు రంధ్రాలు కొట్టమని మేస్త్రికి చెప్పా.

ఆయన టేపు పెట్టి నవ్వాడు. "తమ్మీ, ఇది నాలుగున్నర ఇంచుల గోడ. నాలుగించులు తోడితే ఇంకేం మిగుల్తది? అవతల మీ నానమ్మ మంచం."

నిజమే. ఈ స్పీకర్లు అమెరికా తరహా గోడలకు సరిపోయేవి. అక్కడ చెక్క ఫ్రేముకు రెండువైపులా జిప్సం బోర్డు కొడతారు. మధ్యలో మూడున్నర ఇంచుల ఖాళీ. స్పీకరుకు ఆ ఖాళీయే డబ్బా. మన ఇటుక గోడలో అదెక్కడిది? తొలిచి పెట్టినా వెనక గాలికి చోటు చాలక బేస్ పలచబడుతుంది. పైగా గోడ పలచనై సౌండు పక్కగదిలోకి పోతుంది.

అందుకే టీవీని బయటి గోడవైపు మార్చా. ఆ గోడ ముందు మెటల్ ఫ్రేము, జిప్సం బోర్డు, స్పీకర్ల వెనక మూసిన బ్యాక్‌బాక్సులు, మిగతా ఖాళీలో రాక్‌వూల్. హాలు ఐదారించులు తగ్గింది, ఖర్చు పెరిగింది.

మీరూ పెట్టించాలనుకుంటే ప్లాస్టరింగ్‌కు ముందే వైర్ల పైపులు వేయించండి. రెండు స్పీకర్లు, మీ సోఫా కలిపితే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం రావాలి. ట్వీటరు, కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తులో ఉండాలి.

మొన్న రాత్రి సినిమా పెట్టి, నానమ్మ గదిలోకెళ్లి తలుపేసి విన్నా. సినిమా లీలగా, ఆమె గురక గట్టిగా. పాసయ్యా!