పెంటకుప్ప వేరు, డంపింగ్ యార్డు వేరు

ఊరి పక్కన డంపింగ్ యార్డు వద్దని రైతులు రోడ్డెక్కిన ప్రతిసారీ ఒకటే మాట వినబడుతోంది. "చెత్త ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా! మీ ఊరు వద్దంటే ఇంకే ఊరు?" అంటున్నారు. ఈ మాట అనేవాళ్ళకు మేం సూటిగా చెప్పదలుచుకున్నాం. చెత్తంటే రైతుకు అసహ్యం లేదు. చెత్తను మాగబెట్టి ఎరువు చేసి, ఆ ఎరువుతో దేశానికి అన్నం పెట్టినవాళ్ళం. మేం వద్దంటున్నది చెత్తలో కలిపి పంపుతున్న విషాన్ని.

పల్లెలో ఇంటింటికీ పెంటకుప్ప ఉండేది. పశువుల పేడ, కల్లంలో పొట్టు, పొయ్యి బూడిద, వాకిట్లో ఊడ్చిన ఆకులు, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే పోయేవి. ఏడాదంతా మాగి, మృగశిరకు ముందే బండ్లకెక్కి చెలకల్లో పడేవి. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇల్లు అంత కలిగిన ఇల్లని లెక్క. ఆ కుప్పలో పడ్డ ప్రతిదీ మట్టిలోంచి వచ్చిందే కాబట్టి మళ్ళీ మట్టిలో కలిసిపోయింది.

ఇప్పుడు నగరంలో ఏ ఇంటి చెత్తబుట్టనైనా బోర్లించి చూడండి. అన్నం మెతుకులు, అరటి తొక్కల మధ్య రిమోట్లోంచి తీసిన సెల్లులు, మాడిపోయిన బల్బు, తెగిన చార్జర్ వైరు, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ కనబడతాయి. అన్నిటినీ ఒకే సంచిలో మూటగట్టి ఆటోలో వేస్తారు. ఆటోలోంచి లారీకి, లారీలోంచి ఏదో ఒక పల్లె పక్కనున్న గుట్టకు చేరుతుంది. వేరు చేసే పనిని చెత్త ఏరుకుని బతికే పేదల చేతులకు వదిలేశారు. ఆ చేతులకు గ్లౌజులు కూడా ఉండవు.

ఆ మూటలో ఏముందో రైతు తెలుసుకోవాలి. పాత డబ్బా టీవీ గాజులో కిలోకు పైగా సీసం ఉంటుంది. సర్క్యూట్ బోర్డుల టంకంలోనూ సీసమే. పాతరకం చార్జింగ్ బ్యాటరీల్లో కాడ్మియం, ట్యూబులైట్లలో పాదరసం ఉంటాయి. ఇవి పేడలాగా మాగవు. వందేళ్ళు పాతిపెట్టినా సీసం సీసంగానే ఉంటుంది. కుప్ప మీద వాన పడితే కారే నల్లనీళ్ళలో కలిసి చెరువులోకి, బోరులోకి దిగుతాయి. కాడ్మియాన్ని వరి పీల్చుకుంటుంది, పాలకూర పీల్చుకుంటుంది. చివరికి ఆ విషం నగరం కంచంలోకే తిరిగి వస్తుంది. ఈ సంగతి నగరంలోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా తెలియాలి. వాళ్ళతో మాకు పగ లేదు.

జవహర్‌నగర్ కళ్ళముందే ఉంది. హైదరాబాద్ చెత్త రోజుకు 7 వేల టన్నులకు అటూ ఇటూ. దశాబ్దాల తరబడి అదంతా అక్కడి 300 ఎకరాలకు పైగా నేలలో పోశారు. కోటి టన్నులకు పైగా పేరుకున్నాక, పైన మట్టి, ప్లాస్టిక్ పొర కప్పి 'క్యాపింగ్' అన్నారు. పుండు మీద పట్టీ వేసినంత మాత్రాన చీము ఆగుతుందా? మల్కారం చెరువులోకి చేరిన నల్లనీళ్ళ కథ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. చుట్టుపక్కల బోర్ల నీళ్ళు నోట్లో పోసుకునే వీలు లేకుండా పోయాయి. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. తడి చెత్త మండదు, బ్యాటరీలు మండకూడదు. వేరు చేయకుండా ఎన్ని ప్లాంట్లు కట్టినా రోగం రోగంలాగే ఉంటుంది.

జవహర్‌నగర్ నిండిపోయిందని చెప్పి, సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్ మీద కన్నేశారు. 2025 ఫిబ్రవరిలో పోలీసు బందోబస్తు పెట్టి అక్కడ పనులు మొదలుపెట్టారు. నల్లవల్లి, గుమ్మడిదల, చుట్టుపక్కల ఊళ్ళ జనం రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. ఆడవాళ్ళు పొలం పనులు మానుకుని టెంటు కిందికి వచ్చారు. పక్కనే నర్సాపూర్ అడవి, దిగువన చెరువులు, వాటి కింద సాగు. ఆ జనం అడిగిందేమిటి? మా నీళ్ళు మాకు ఉండనివ్వండి అని. దానికే అభివృద్ధి నిరోధకులని పేరు పెట్టారు.

చట్టం లేక ఇలా జరుగుతోందా అంటే అదీ కాదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త, ఇళ్ళలోని ప్రమాదకర చెత్త అని మూడుగా ఇంటి దగ్గరే విడదీయాలని చెప్పాయి. సెల్లులు, బల్బులు, పురుగుమందు డబ్బాలు మూడో రకం. వాటిని తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టమన్నాయి. విస్తరణకు ముందు హైదరాబాద్ కార్పొరేషన్ వైశాల్యం 625 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన 30కి పైగా కేంద్రాలుండాలి. మీ చుట్టాలు నగరంలో ఉంటే ఫోన్ చేసి అడగండి, వాళ్ళ వార్డుకు దగ్గరలో ఆ కేంద్రం ఎక్కడుందో.

ఆ 2016 నిబంధనల్లో రైతుకు సంబంధించిన ఇంకో ముక్క ఉండేది. నగర చెత్తతో చేసిన కంపోస్టును రసాయన ఎరువులతో కలిపి అమ్మించాలట. రసాయన ఎరువు 6, 7 బస్తాలకు కంపోస్టు 3, 4 బస్తాలు. యూరియా కోసం లైన్లో నిలబడ్డ రైతుకు 'లింకు' అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. అక్కర్లేని సీసాలు, డబ్బాలు అంటగడితేనే బస్తా ఇచ్చే దుకాణాలు మనకు తెలుసు. 2016లోనే కంపోస్టు టన్నుకు 1500 రూపాయల సాయం ప్రకటించారు. ఆ సొమ్ము అమ్మే కంపెనీల ఖాతాలోకి పోయేదే తప్ప రైతు చేతికి వచ్చేది కాదు.

కంపోస్టుకు మేం వ్యతిరేకం కాదు. సేంద్రియ కర్బనం అడుగంటిన మన నేలలకు అది కావాలి. అయితే ఏ కంపోస్టు? ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల ప్రకారం నగర కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక సీఎఫ్ఎల్ బల్బులో 3 నుంచి 5 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అది పగిలి మొత్తం అందులోనే ఉండిపోతే 20 కిలోల నుంచి 30 కిలోల కంపోస్టు చెడిపోవడానికి ఒక్క బల్బు చాలు. కలగలిసిన చెత్తను జల్లెడ పట్టి, బస్తాకెత్తి, ఎరువని బొమ్మ వేస్తే అది ఎరువవుతుందా?

మరి మన నేలలో ఆ లోహాలు ఎంత చేరాయో తెలుసుకుందామంటే దారి లేదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 పరీక్షలున్నాయి. సీసం, కాడ్మియం, పాదరసం ఆ పన్నెండులో లేవు. రోగం అంటించేవాళ్ళు ఒకరు, పరీక్ష కూడా చేయించనివాళ్ళు ఇంకొకరు.

ఇక అసలు దోషుల సంగతి. సామాను తయారుచేసి అమ్మిన కంపెనీయే అది పాడయ్యాక దాని బాధ్యత తీసుకోవాలని 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీలకు మొదట 60 శాతం, తర్వాత 70, ఆపై 80 శాతం లక్ష్యం పెట్టారు. రీసైక్లింగ్ చేసేవాళ్ళకు కనీస ధర కింద టీవీ, ఫ్రిజ్ లాంటివాటికి కిలోకు 22 రూపాయలు ఖాయం చేస్తే, అది ఎక్కువని పెద్ద కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ముప్పై నలభై వేలకు టీవీ అమ్మేవాళ్ళకు కిలోకు 22 రూపాయలు బరువైందట! ఆ డబ్బు మిగిలితే వాళ్ళ లాభంలో పడుతుంది. నష్టం మన బావుల్లో తేలుతుంది.

ఆ బాధ్యత ఎగ్గొడితే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ చూపించింది. ఇత్తడి సామానుకు పేరున్న ఆ ఊళ్ళో పొట్టకూటి కోసం పేదలు సర్క్యూట్ బోర్డులు కాల్చి రాగి తీశారు. మిగిలిన నల్లబూడిద రామగంగ ఒడ్డున కుప్పలు పడింది. తప్పు ఆ పేదలది అందామా? మన ఊరవతల వైర్లు కాల్చి రాగి తీసే పాత సామాన్లవాడినీ మేం తప్పుపట్టం. అతనికి గుర్తింపు కార్డు, పనిముట్లు, వైరుకు కాల్చకుండానే గిట్టే ధర ఇవ్వండి. ఎవరు మాత్రం కోరి ఆ పొగ పీలుస్తారు?

పల్లెలోనూ పని ఉంది. కాలిపోయిన స్టార్టర్లు, కెపాసిటర్లు, చార్జింగ్ స్ప్రేయర్ల బ్యాటరీలు, సోలార్ కంచె బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు ఇవన్నీ మన చేల గట్లమీద తేలుతున్నాయి. తెలంగాణలో 2019 నుంచి పల్లె ప్రగతి పేరుతో పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త షెడ్లు ఇచ్చారు. ఆంధ్రలో చెత్త నుంచి సంపద కేంద్రాలు కట్టారు. అక్కడే పట్టణాల్లో 2021లో చెత్త పన్ను వేసి, 2024లో ఎత్తేశారు. చర్చంతా రూపాయల చుట్టూ తిరిగింది. షెడ్డు తాళం తీసేవాళ్ళు, పాడైన బ్యాటరీ తీసుకునేవాళ్ళు ఎవరన్న ప్రశ్న అలాగే ఉంది.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. ఇంటి దగ్గరే మూడుగా విడదీయాలి. కలగలిపిన చెత్త లారీని ఏ యార్డులోకీ రానివ్వకూడదు.

2. ప్రతి మండల కేంద్రంలో కంపెనీల ఖర్చుతో పాత ఎలక్ట్రానిక్ సామాను, బ్యాటరీలు కొనే కేంద్రం పెట్టాలి. సేకరించమని చెబితే చాలదు, కొనాలి.

3. కంపోస్టు ప్రతి లాటుకూ లోహాల పరీక్ష ఫలితాన్ని బస్తా మీద తెలుగులో అచ్చువేయాలి. లింకు అమ్మకం నిషేధించాలి.

4. యార్డుల చుట్టుపక్కల ఊళ్ళలో మట్టికీ, బోరు నీళ్ళకూ ఏటా ఉచితంగా లోహాల పరీక్ష చేసి, ఫలితం గ్రామసభలో చదవాలి. చెడిన నేలకు, నీటికి పరిహారం కట్టాలి.

5. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ ఊళ్ళోనూ కొత్త యార్డు పెట్టకూడదు.

6. పారిశుధ్య కార్మికులకు, చెత్త ఏరేవాళ్ళకు రక్షణ సామాను, గిట్టుబాటు కూలి ఇవ్వాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! వచ్చే గ్రామసభలో ఈ ఆరింటినీ తీర్మానం చేయించండి. పంచాయతీ షెడ్డులో బ్యాటరీలకు, బల్బులకు విడిగా ఒక డ్రమ్ము పెట్టించండి. తీర్మానం నకలు మండల కమిటీకి పంపండి. అన్ని ఊళ్ళ తీర్మానాలూ కట్టగట్టి కలెక్టర్ బల్ల మీద పెడదాం. నగరం తన తడి చెత్తను శుభ్రంగా వేరు చేసి పంపిన రోజు, దాన్ని చెలకకు తోలుకోవడానికి మన ట్రాక్టర్లు సిద్ధం. అప్పటిదాకా విషం లారీకి ఊరి పొలిమేరలోనే అడ్డం నిలబడదాం.