బండి నిలుపుకొను చోటు

‘పార్కింగు’ అన్న మాటకు సరియైన తెలుగేమిటని ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులను అడిగేవారు నేటికీ కొందరున్నారు. వాహనశాల అంటే నవ్వుతారు. నిలుపుదల అంటే మరేదో స్ఫురిస్తుంది. మా చిత్తూరు సీమ జనం ‘స్టాండు’ అనో, ‘బండి పెట్టే జాగా’ అనో ఏనాడో తేల్చుకున్నారు, పండితుల తీర్పు కొరకు వేచియుండలేదు. పూర్వపు రాజులు అశ్వశాలలు, గజశాలలు కట్టించినారంటే కొలువుకు వచ్చే భటుని గుఱ్ఱానికి కూడ నీడ కావలెనన్న ఎఱుక వారికి ఉండుటచేతనే. ఆ ఎఱుక ఈనాటి ఆసుపత్రులను నిర్మించేవారిలో, నడిపేవారిలో ఎందుకు కొఱవడినదన్నదే నా ప్రశ్న.

తిరుపతిలో అలిపిరికి పోవు దారిని చూడండి. శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో ఏర్పడినది. దాని బోధనాసుపత్రి రుయా, 1985 నాటి బర్డ్, 1993లో ప్రారంభమైన స్విమ్స్, 2021లో వచ్చిన చిన్నపిల్లల హృదయాలయం, ఇవన్నీ ఒక చిన్న పరిధిలోనే ఒదిగియున్నవి. కడప, అనంతపురం, నెల్లూరుల నుండియు, సరిహద్దు దాటి తమిళనాడు నుండియు రోగులు ఇక్కడికే వస్తారు. ఆ దారినే కొండకు పోయే యాత్రికులూ సాగుతారు. బ్రహ్మోత్సవాలలో గరుడసేవ నాడు కనుమదారిలో ద్విచక్రవాహనాలను అనుమతించరు గనుక అవన్నీ కొండ కిందనే ఆగిపోతాయి. యాత్రికుల వాహనాలకు ఎక్కడెక్కడ చోటున్నదో ముందుగానే ప్రకటిస్తారు, బాణపు గుర్తులు పెడతారు. మంచిదే. అదే నాడు మధ్యాహ్నం రెండు గంటలకు విధికి రావలసిన నర్సమ్మ తన స్కూటీని ఎక్కడ పెట్టవలెనో చెప్పే బాణపు గుర్తు మాత్రం ఎక్కడా కానరాదు.

ఈ కష్టంలో ఒక గణితమున్నది. కార్యాలయానికైతే ఉద్యోగులు ఉదయం వస్తారు, సాయంత్రం పోతారు. నూరుమంది ఉంటే నూరు బండ్లకు చోటు చాలును. ఆసుపత్రిలో అట్లు కుదరదు. ఉదయం ఎనిమిదికి వచ్చినవారు రెండింటికి దిగిపోవలెను. అయితే రెండింటి వారు వచ్చి, ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి ఏ మందు ఎక్కుతున్నది, ఎవరిని కనిపెట్టి చూడవలెను అన్నదంతా అప్పగించుకొనేవరకు మొదటివారు కదలరాదు. అనగా ఒంటిగంటన్నర మొదలు రెండున్నర వరకు రెండు జట్ల బండ్లూ ఒకేసారి నిలువవలెను. సరిగా ఆ వేళకే రోగుల బంధువులు భోజనపు క్యారియర్లతో వస్తారు. 2017 నాటి మన రాష్ట్ర భవన నియమావళి బండ్లకు వదలవలసిన స్థలాన్ని కట్టడపు వైశాల్యంలో ఇంత శాతమని లెక్కిస్తుంది. వైశాల్యానికి జట్లు మారే వేళ తెలియదు గదా!

స్టాండు గుత్తకిచ్చే పద్ధతి ఒకటి కలదు. గుత్తదారుకు ఆదాయం బండి నిలిచిన కాలాన్ని బట్టి రాదు, చీట్ల సంఖ్యను బట్టి వస్తుంది. చూడవచ్చిన బంధువు గంటలో పోతే ఆ చోట మరొక బండి, మరొక చీటీ. సిబ్బంది బండి ఆరు గంటలు, రాత్రివిధియైతే పన్నెండు గంటలు కదలదు. ఇక వారిని గుత్తదారు ఆదరంతో పిలుస్తాడా? అతని తప్పని అనను. ఆ లెక్క కాగితం మీద వ్రాసినవారిదే తప్పు. చీటీ ఇరవై రూపాయలే అనుకుందాం. నెలకు ఇరవై ఆరు విధులకు ఐదువందల ఇరవై. పెద్ద వైద్యునికి అది గణనలోనికి రాదు. ఔట్‌సోర్సింగు పద్ధతిలో నేలలు తుడిచే అమ్మకు, స్ట్రెచరు తోసే తమ్మునికి అది ఒక సిలిండరు ధరలో పెద్దభాగం.

నా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి ఈ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నది. ఊరు చంద్రగిరి దాటి లోపలికి. బస్సు దిగి మళ్ళీ ఆటో పట్టుకొనే ఊరు. రాత్రి ఎనిమిదింటి విధికి తన బండి మీదనే రావలెను. లోపల చోటు లేదని కావలివాడు పంపివేస్తే, రెండు వీధుల అవతల దీపం లేని గోడ పక్కన పెట్టి నడచివస్తున్నది. “డ్యూటీ చేసేది కష్టం గాదు సార్, బండి పెట్టేదే కష్టం. ఇంజెక్షన్ వేస్తావుంటే గూడా బండి ఉండాదో లేదో అనే ఉంటుంది” అన్నది. ఆమె చేతిలో ఆ క్షణాన ఉన్నది ఎవరి బిడ్డ నరమో ఆలోచించండి.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడు వైద్యుని నీడ కాడు, స్వయంగా ఒక పాదం. ఆ శాస్త్రాన్ని వేదికలపై పొగడే మనం పోర్టికో ప్రక్కన చెట్టునీడను పేరు పలకలు గల కార్లకు కేటాయించి, ఆ పాదాన్ని వీధి చివర ఎండలో నిలిపినాము. ఒక కారు నిలిచే మేరలో నాలుగైదు ద్విచక్రవాహనాలు పడతాయన్నది కంటితో చూచి చెప్పగలిగిన సంగతి. వైద్యులకు కారు వద్దని నా వాదం కాదు. అర్ధరాత్రి పిలుపు వస్తే పరుగున రావలసినవారు వారు. ఆ పిలుపు ఇచ్చేది ఎవరు? మంచం పక్కన మేలుకొనియున్న నర్సు.

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ వైద్యశాలలో జరిగిన ఘోరం తరువాత సర్వోన్నత న్యాయస్థానం జాతీయ కార్యదళాన్ని నియమించి, రాత్రి పది మొదలు ఉదయం ఆరు వరకు వైద్య సిబ్బంది రాకపోకలకు వాహన సౌకర్యం సంగతిని కూడ పరిశీలించుమన్నది. ఆడపిల్ల భద్రత వార్డు తలుపు దగ్గఱ మొదలు కాదు, ఆమె బండి ఆపిన చోట మొదలవుతుందని అంత పెద్ద విషాదం తరువాత గాని మనకు తోచలేదు. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల రాత్రి సిబ్బందికి ఈ రుసుము లేదు. స్కాట్లండు, వేల్సులలో పూర్తిగానే ఎత్తివేసినారు. ధనిక దేశాల మాట మనకెందుకంటారా? దీపం, గొలుసు, ఒక కావలి మనిషి — వీటికి ధనిక దేశం కానక్కరలేదు.

ముందు రోగికే చోటు, తరువాతనే సిబ్బందికి అనేవారున్నారు. అంబులెన్సు దారి విషయంలో నేనూ వారి పక్షమే. గుమ్మం ముందు ఎవరి బండీ నిలువరాదు. కాని ఆవరణ వెనుక పాత క్వార్టర్ల పక్కన, విరిగిన మంచాలు కుప్పవోసిన మూలల్లో, చోటు చాలా ఆసుపత్రులలో పడియున్నది. దానిని చదును చేసి, గుర్తింపు కార్డు చూపినవారినే విడిచి, రాత్రిజట్టు బండ్లను వెలుతురులో ఉంచవచ్చును. రేణిగుంట, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు బస్సులలో ఒకటి రెండింటినైనా జట్లు మారే వేళకు ఆసుపత్రుల ముందునుండి నడిపితే సగం మంది బండ్లే తేరు. స్టాండు గుత్త పత్రంలో, సిబ్బందికి ఇన్ని చోట్లు విడువవలెను, వారి వద్ద ఇంతకు మించి తీసుకొనరాదు అన్న రెండు పంక్తులు చేర్చుటకు ప్రభుత్వ నిధి ఒక్క రూపాయి అక్కఱలేదు. తరువాతి వేలం పాటకు ముందు ఆ పత్రాన్ని ఎవరు వ్రాస్తారో కనుగొని, సిబ్బంది సంఘాలవారు వెళ్ళి అడుగవలెను. పాట ముగిసిన తరువాత అడిగితే మరల సంవత్సరం ఆగవలసినదే.