అశ్వబలమునకు పూచీ యెవరు?

విశాఖపట్టణపు వీథులలో నేడు ఎత్తైన మోటారు బండ్లు మెండుగా కానవచ్చుచున్నవి. ఎస్.యు.వి. యని జనులు పిలుచు నీ బండ్లలో కొన్ని కేవలము ప్రయాణ సౌకర్యమునకే గాక, వేగమునకును బలమునకును ప్రత్యేకముగా నిర్మింపబడినవి. వీనిని కొనిన యువకులకు కొలది దినములలోనే యొక కోరిక పుట్టుచున్నది. కంపెనీవారిచ్చిన బలము చాలదు, మరికొంత కావలయును. కాని కంపెనీవారిచ్చిన వారంటీ మాత్రము చెడరాదు. ఈ రెండు కోరికలు నొక్క బండిలో నిముడునా యను ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దీనిలో కుటుంబముల అప్పులు, దారిన బోవువారి ప్రాణములు, కొనినవాని స్వామ్యము, చేసినవాని బాధ్యత పెనవేసికొని యున్నవి. కావున దీనిని విచారింప బూనితిమి.

బలమును కోరుట నేరము కాదు. ఇది ఓడలు కట్టు పట్టణము. 1948లో జలఉష యను నౌక జలప్రవేశము చేసినది యీ తీరముననే. ఇది ఉక్కు కరగించు పట్టణము. ఆ కర్మాగారమునకై 1966లో ఆంధ్రదేశమంతయు నుద్యమించెను. యంత్రమును విప్పి చూడవలెనను కుతూహల మిచ్చటి బిడ్డలకు సహజముగా నబ్బినది. గాజువాక ఆటోనగరులోని షెడ్లలో పట్టాలులేని యింజనీర్లెందరో కలరు. అరకు ఘాటు నెక్కుచు అనంతగిరి మలుపులలో బరువు లారీ వెనుక చిక్కుకొనినవానికి, తన బండిలో మరికొంత సత్తువ యుండిన బాగుండునని తోచుట వింత గాదు. కావున మేమా కోరికను నిందింపము. ఆ కోరికను తీర్చెదమని వచ్చువారి మాటను మాత్రము పరీక్షింతుము.

బలమెట్లు పెరుగును? ఇంజనులో ఇంధనమొక్కటే కాలదు. గాలితో గలిసి కాలును. టర్బో యనునది వెలికిబోవు పొగ వడికి తిరుగు చిన్న చక్రము. అది గాలి నొత్తి సిలిండరులలోనికి బంపును. గాలి నెంత యొత్తవలయును, ఇంధనమెంత చిమ్మవలయును, పెట్రోలు బండియైనచో నిప్పురవ్వ నే క్షణమున రాల్పవలయును అను సంగతులన్నియు ఈ.సీ.యూ. యను చిన్న కంప్యూటరు నిర్ణయించును. ఆ కంప్యూటరులోని లెక్కల పట్టికలను తిరుగవ్రాయుటను రీమ్యాపు అందురు. కంప్యూటరును ముట్టక, దానికి జేరు సమాచారమును నడుమనే మార్చు పెట్టెను ట్యూనింగ్ బాక్సు అందురు. మొదటిది శాసనమును తిరుగవ్రాయుట. రెండవది వార్తాహరునిచేత నబద్ధమాడించుట. టర్బో గల యింజనులలో నొక్క బోల్టైనను మార్పకయే ఈ యుపాయములచే బలము చెప్పుకోదగినంత పెరుగు మాట నిజము. టర్బో లేని యింజనులలో దీనివలన గలుగు లాభము స్వల్పము.

అట్లయిన ఆ బలమును కంపెనీవారే మొదట నేల యీయలేదు? లోభముచేతనా? కొన్నిచోట్ల నదియు గలదు. ఒకే యింజనును రెండు మూడు బలములతో రెండు మూడు ధరలకు విక్రయించుట లోకములో నున్న వ్యవహారమే. కాని ముఖ్యకారణము వేరు. బండి యెక్కడ దిరుగునో, ఎట్టి ఇంధనము త్రాగునో కంపెనీవారికి దెలియదు. విశాఖ వేసవి యెండలో, ఉప్పుగాలిలో, ఏడుగురు మనుష్యులతోను సామానుతోను ఘాటు నెక్కునపుడుగూడ ఇంజను తట్టుకొనవలయును. అందులకై వారు కొంత సత్తువను వాడక మిగిల్చి యుంచుదురు. రీమ్యాపు చేయువాడు క్రొత్త బలమును సృష్టింపడు. ఆ మిగులులోనుండి తీసి యిచ్చును. అది గాదెలోని విత్తనములను దీసి వండుకొనిన విందు వంటిది. విందు నిజమే, తొలకరి వచ్చినపుడు గదా దాని వెల తెలియుట!

మరియు నింజనొక్కటే బండి గాదు. ఇంజనుపై బలము పెంచినపుడు క్లచ్చు, గేరుపెట్టె, ఇరుసులు, రేడియేటరు, బ్రేకులు, టైర్లు ఎప్పటివే యుండును. బండి వేగము గంటకు 80 కిలోమీటర్లనుండి 120కి పెరిగిన, అనగా ఒకటిన్నర రెట్లయిన, దానిని నిలుపుటకు బ్రేకులు హరింపవలసిన శక్తి రెండుంబావు రెట్లగును. ఆర్.కె. బీచినుండి భీమునిపట్టణము పోవు సముద్రతీరపు బాటపై సాయంకాలము పిల్లలతో నడచుచుండు సంసారులకు ఈ లెక్క తెలియనక్కరలేదు. చక్రము పట్టినవానికి దెలిసి తీరవలయును.

ఇక వారంటీ సంగతి. ట్యూనింగ్ బాక్సు లమ్మువారు “దీనివలన వారంటీ చెడదు, సర్వీసునకు బోవు ముందు ఊడదీసికొనుడు” అని చెప్పుచున్నారు. ఈ వాక్యమును శ్రద్ధగా వినుడు. వారంటీ చెడదని వీరి యభిప్రాయము గాదు. కంపెనీవారు కనిపెట్టలేరని మాత్రమే. ఈ రెంటికిని హస్తిమశకాంతరము గలదు. ఒకటి హక్కు, రెండవది దొంగాట. ఆ దొంగాటయైనను సాగునా? పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగినట్లున్నది. నేటి కంప్యూటరులు తమ పట్టికల నెన్ని మారులు తిరుగవ్రాసిరో పెక్కింట లెక్క యుంచుకొనును. వ్రాత మారినదో లేదో పోల్చిచూచు గురుతులును వానిలో నుండును. పెట్టెను తీసివైచినను, విరిగిన భాగము మీది యరుగుదలయు, అధికమైన వేడికి కమిలిన లోహమును సాక్ష్యము చెప్పును. ఐదేండ్లు, ఏడేండ్లు వాయిదాలు కట్టుటకు బ్యాంకునకు వ్రాసియిచ్చి కొనిన బండి టర్బో పగిలి షెడ్డులో నిలిచిపోయిన నాడు, ఆ వాయిదాలు మాత్రము నిలువవు. ఆ భారము యువకుని సరదాపై గాక, తండ్రి పింఛనుపైనో, ఇల్లాలి నగలపైనో పడును.

వారంటీకి మించినది చట్టము. మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా నుండునట్లు బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు కేరళనుండి వచ్చిన జయచంద్ర వ్యాజ్యములో ఈ నియమమును దృఢపరచిరి. అదే సంవత్సరము చేసిన సవరణచే 182ఎ విభాగము తిరుగవ్రాయబడినది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు ఖైదుగాని, మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆమోదము పొందిన కిట్టుతో గ్యాసునకు మార్చుకొనుట, అంగవైకల్యము గలవారికై బండిని సవరించుట మొదలగునవి నియమములకు లోబడి చెల్లును. అశ్వబలము పెంచుట ఆ జాబితాలో లేదు. బీమా కంపెనీకి దెలుపక మార్పు చేసినచో, ప్రమాదానంతరము పరిహారమడుగునపుడు వారు తగవు పెట్టుటకు నవకాశ మిచ్చినట్లే యగును.

ఊపిరి సంగతియు గలదు. 2020 ఏప్రిల్ నుండి మన దేశమున భారత్ స్టేజి 6 ప్రమాణములు నడచుచున్నవి. డీజిలు బండ్లలో మసిని పట్టు జల్లెడ యొకటి పొగగొట్టములో జేరినది. ఇంధన మధికముగా చిమ్మిన మసి హెచ్చి ఆ జల్లెడ పూడుకొనును; అప్పుడు కొన్ని షెడ్లవారు దానినే పెరికివేయుదురు. రేవు బొగ్గుధూళితో వేగుచు, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు పట్టణముల పట్టికలో జేరిన విశాఖకు, ఈ క్రొత్త మసిని కానుకగా నిచ్చు హక్కెవరికిని లేదు.

ఇంతవరకు కొనినవానికి బుద్ధి చెప్పితిమి. అమ్మినవానికి చెప్పవలసినదియు గలదు. వారంటీ పత్రములలో చీమతలకాయలంత యక్షరములతో కంపెనీలు వ్రాయు షరతులు న్యాయమైనవేనా? బయటి మెకానిక్కు చేయి తగిలినంతనే వారంటీ యంతయు రద్దని భయపెట్టుట యెంతకాలము సాగవలయును? శంషేర్ కటారియా యను వినియోగదారుని ఫిర్యాదుపై విచారణ జరిపి, 2014 ఆగస్టులో భారత పోటీ కమిషనువారు 14 కారు కంపెనీలపై మొత్తము 2,544 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించిరి. విడిభాగములను బయటివారికి దక్కనీయక బిగబట్టుట వానిపై మోపిన దోషము. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ యంతయు రద్దను షరతు పెట్టరాదనియు, ఆ మరమ్మతు లోపమువలన గలిగిన నష్టము మేరకే వారంటీని నిరాకరింపవచ్చుననియు వారు చెప్పిరి. జరిమానాలపై కంపెనీలు అప్పీళ్లకు బోయినవి. కాని ఆ మాటలోని న్యాయము అప్పీళ్లకు లొంగునది కాదు. అమెరికాలో 1975 నాటి చట్టమొకటి, ఫలాని బ్రాండు విడిభాగమే వాడవలయునను షరతుతో వారంటీని ముడివేయుట నిషేధించినది. మన కేంద్రప్రభుత్వమును 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై యొక పోర్టలు నెలకొల్పి, మోటారు వాహనముల రంగమును దానిలో జేర్చినది.

ఇచ్చట నొక భేదమును మరువరాదు. మరమ్మతు వేరు, మార్పు వేరు. చెడినదానిని పూర్వపు స్థితికి దెచ్చుట మరమ్మతు. దానికి హక్కు కావలయును. కంపెనీ వాగ్దానము చేసిన స్థితిని దాటించుట మార్పు. దాని ఫలమునకు కంపెనీని పూచీ యడుగుట న్యాయము గాదు. కాని మార్పు విషయములోను నిష్పత్తి యుండవలయును గదా? బలము పెంచినందున టర్బో పగిలినచో ఆ నష్టము యజమానిదే. తలుపు కీలు తుప్పు పట్టిన, కిటికీ అద్దము దిగకపోయిన, “నీవు రీమ్యాపు చేయించితివి, పొమ్ము” అనుట అన్యాయము. కారణమును జూపు భారము నిరాకరించువానిపై నుండవలయును. మా వాదమంతయు నిదియే: యజమాని తాను చేసినదానికి పూచీ పడవలయును, కంపెనీ తాను చేసినదానికి పూచీ పడవలయును, ఒకరి పూచీ మరియొకరిపై ద్రోయరాదు.

కావున బలమును గోరు యువకుడు చేయదగిన దేమి? కొనకముందే యోచించుట మొదటిది. అదే బండిలో హెచ్చు బలముగల రకముండిన, కొంత పైకము కూర్చి దానినే కొనుట మేలు. ఆ బలముతో బాటు దానికి దగిన బ్రేకులు, శీతలీకరణము, వారంటీ యన్నియు వచ్చును. కొన్న పిమ్మట, ఉన్న బలమును పోగొట్టుకొనకుండుట రెండవది. పుస్తకములో జెప్పిన గ్రేడు నూనె, చెప్పిన ఆక్టేను పెట్రోలు, శుభ్రమైన గాలి ఫిల్టరు, సరియైన టైరు గాలి, పైకప్పుపై నక్కరలేని యినుప చట్రములు లేకుండుట, ఇవి చూచుకొనిన చాల బండ్లు తమ పూర్వపు జవమును మరల జూపును. మూడవది, ఏ సవరణ చేయదలచినను కంపెనీవారిని ముందుగా నడిగి జవాబు వ్రాతమూలముగా బొందుట. డీలరు నోటిమాట గాలికి బోవును; కాగితము నిలుచును. నాల్గవది, అన్యాయముగా వారంటీ నిరాకరింపబడినచో, కారణమును వ్రాసి యిమ్మని యడిగి, 1915 నంబరునకు ఫిర్యాదు చేసి, అవసరమైన జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయించుట. చెల్లించిన మొత్తము 50 లక్షల వరకు నున్న వ్యాజ్యములు అచ్చటనే విచారింపబడును. కారణము పుట్టిన రెండేండ్లలోపల వేయవలయును.

ఇక ప్రభుత్వమునకును కంపెనీలకును మా విన్నపము. నిషేధించినంత మాత్రమున కోరిక చావదు. చీకటి షెడ్డులో దూరును. స్వీడను దేశపు వోల్వో కంపెనీ పోల్‌స్టార్ పేర, తన బండ్లకే బలము పెంచు కంప్యూటరు పట్టికలను వారంటీ చెడకుండ నందించిన దాఖలా గలదు. మన కంపెనీలు నట్లే పరీక్షించి, ప్రభుత్వ ఆమోదము పొంది, రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించి యీయరాదా? కంప్యూటరును ముట్టరాదని యజమానికి ధర్మము బోధించు పరిశ్రమకు, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీయే ప్రపంచమందు కోటికి పైగా డీజిలు బండ్లలో పొగ పరీక్షలను మోసగించు ప్రోగ్రామును దాచియుంచెనని 2015లో బయటపడిన చరిత్ర మరపునకు రాగూడదు. ఆ చిన్న పెట్టెలో నేమి వ్రాసియున్నదో కనిపెట్టియుండుట కేవలము కంపెనీ పనియు గాదు, కేవలము యజమాని పనియు గాదు. అది ప్రజల పని.

ఇటీవలి సంవత్సరములలో విశాఖ పోలీసులు కర్ణకఠోరమైన సైలెన్సర్లను పట్టుకొని రోడ్డు రోలరు క్రింద నలిపించిరి. చూచుటకు ఘనముగానే యుండెను. కాని రోలరు ఇనుమును నలుపును, ఆశను నలుపదు. ఆశకు న్యాయమైన దారి చూపినపుడే వీథి నిమ్మళించును. అంతదాక, విశాఖ యువకులారా, ఊడదీసి దాచవలసిన పెట్టెను మీ బండికి తగిలింపకుడు. మీ బండికిని మీ యింటికిని పూచీ పడవలసినవారు మీరే. ఆ పూచీని నిలుపుకొని, కంపెనీనుండి మీకు రావలసిన పూచీని మాత్రము కాసంతయు విడువక యడుగుడు.