రెండు విమానాల ధర, ఇరవై ఏళ్ల ఆలస్యం

పదాతి దళానికి ఏ రైఫిల్ ఇవ్వాలన్న చర్చ ఎప్పుడు లేచినా మన దగ్గర రెండు పక్షాలు తయారవుతాయి. స్వదేశీ తుపాకీ ఉండగా రష్యా, అమెరికాల గుమ్మం ఎందుకు తొక్కాలన్నది ఒక పక్షం. ఇక్కడ తయారైన దాన్ని నమ్మి జవానును సరిహద్దుకు పంపడం పాపమన్నది రెండో పక్షం. 5.56 తూటా చాలుతుందా, 7.62 కావాలా అని టీవీల్లో గంటల తరబడి వాదించుకుంటారు. ఇద్దరూ చూడని లెక్క ఒకటుంది. 2021 డిసెంబరులో రష్యాతో కుదిరిన ఒప్పందం ప్రకారం అమేఠీ జిల్లా కోర్వాలో తయారుకావలసిన ఏకే-203 రైఫిళ్లు 6,01,427. వాటన్నిటికీ కలిపి ఖర్చు ఐదు వేల కోట్ల రూపాయల పైచిలుకు. నౌకాదళం కోసం 26 రఫేల్ విమానాలకు 2025 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం విలువ దాదాపు 63 వేల కోట్లు. అంటే ఒక్కో విమానానికి 2,400 కోట్లకు పైనే. అందులో ఆయుధాలు, శిక్షణ, విడిభాగాలు కూడా కలిసి ఉన్నాయన్నది నిజమే. ఆ మొత్తం లెక్కన చూస్తే, ఆరు లక్షల మంది సైనికుల చేతికి కొత్త రైఫిల్ ఇవ్వడానికి అయ్యే మొత్తం ఖర్చు రెండు విమానాల ధర.

విమానాలు కొనొద్దని ఎవరూ అనరు. నేనడిగేది వేరు. కార్గిల్ మంచులో స్వదేశీ ఇన్సాస్ రైఫిల్ లోపాలు బయటపడింది 1999లో. దాని స్థానంలో ముందువరుస జవానుకు మరో రైఫిల్ కొనడానికి సంతకాలు జరిగింది 2019లో. మధ్యలో ఉగ్రవాదులతో తలపడే దళాలకు తూర్పు ఐరోపా నుంచి తెచ్చిన ఏకేలు ఇచ్చి నెట్టుకొచ్చారు. ఈ ఇరవై ఏళ్ల ఆలస్యానికి నిధుల కొరత కారణమని చెబితే నమ్మలేం. రెండు విమానాల ధర సమకూర్చుకోలేని దేశం కాదిది. తనకు ఏ తుపాకీ కావాలో సైనిక ప్రధాన కార్యాలయం తేల్చుకోలేకపోయింది. తేల్చనందుకు ఏ అధికారీ, ఏ మంత్రీ జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు. అసలు జబ్బు ఇది.

ఇన్సాస్‌ను తిట్టడం అందరికీ తేలిక. చలికి మ్యాగజైన్లు పగిలిన మాట, కాలుస్తున్న జవాను కళ్లలోకి నూనె చిమ్మిన మాట వాస్తవమే. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సీఆర్‌పీఎఫ్ కూడా అది వద్దు, ఏకే ఇవ్వండని అడిగింది. అయితే సొంతంగా చేసుకున్న రైఫిల్ మొరాయించడం మన ఒక్కరికే జరగలేదు. బ్రిటన్ సైన్యానికి 1980లలో వచ్చిన ఎస్‌ఏ80 రైఫిల్ 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుకకు ఆగిపోయి పరువు తీసింది. వాళ్లు దాన్ని జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోక్ సంస్థకు అప్పగించి, దాదాపు రెండు లక్షల తుపాకుల లోపలి భాగాలు మార్పించారు. ఆ రైఫిల్‌నే మరో రెండు దశాబ్దాలు నమ్మకంగా వాడారు. బాగు చేయాలా, పారేయాలా అన్న ప్రశ్నకు అక్కడ ఒక జవాబు వచ్చింది. మనం ఇన్సాస్‌ను పూర్తిగా బాగు చేయలేదు, పూర్తిగా వదల్లేదు.

ఇంతకంటే పేదగా ఉన్న రోజుల్లో ఇంతకంటే వేగంగా కదిలిన చరిత్ర మనకుంది. 1962లో త్రీనాట్‌త్రీ రైఫిల్ బోల్టు లాగి ఒక్కో తూటా కాల్చే జవాను, ఆటోమేటిక్ తుపాకులున్న చైనా సైనికుడి ఎదుట నిలబడవలసి వచ్చింది. ఆ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో, తూటాను దానంతటదే ఎక్కించుకునే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ తయారీ మొదలైంది. తిండిగింజలకు ఓడల కోసం ఎదురుచూసిన దశాబ్దం అది. అప్పుడు వీలైంది ఇప్పుడెందుకు వీలుకాలేదు?

2011 టెండర్ సంగతి చూస్తే జవాబు తెలుస్తుంది. సుమారు 66 వేల రైఫిళ్ల కోసం పిలిచిన ఆ టెండర్‌లో సైన్యం పెట్టిన షరతు ప్రకారం గొట్టం మార్చితే ఒకే తుపాకీ రెండు రకాల తూటాలు కాల్చాలి. సంప్రదాయ యుద్ధానికి 5.56, ఉగ్రవాదుల వేటకు ఏకే వాడే 7.62. ఇలాంటి మార్పిడి తుపాకీని సాధారణ పదాతి సైనికుడి ప్రామాణిక ఆయుధంగా పెట్టుకున్న పెద్ద సైన్యం ఏదీ లేదు. కొండ మీద కాపలా కాసే జవాను రెండో గొట్టాన్ని ఎక్కడ మోస్తాడు? మార్చిన ప్రతిసారీ గురి సరిచూసుకునే తీరిక అతనికి ఎక్కడుంటుంది? ఈ ప్రశ్నలు కాగితం మీద షరతు రాసేటప్పుడే రావాలి. అమెరికా, ఇటలీ, చెక్, ఇజ్రాయెల్ కంపెనీలు తుపాకులు తెచ్చాయి, పరీక్షలు నడిచాయి. 2015 జూన్‌లో టెండర్ రద్దయింది. నాలుగేళ్లు గడిచాక చేతికొచ్చిన రైఫిళ్లు సున్నా.

ఆ తర్వాత ఆలోచన తిరగబడింది. రెండు తూటాలూ వద్దు, 500 మీటర్ల దూరంలో శత్రువును పడగొట్టే పెద్ద 7.62 తూటా తుపాకీ కావాలన్నారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ ఒకటి చేసి తెస్తే 2017లో నాణ్యత లేదని తిప్పి పంపారు. 2018 ఫిబ్రవరిలో రక్షణ కొనుగోళ్ల మండలి 7.40 లక్షల రైఫిళ్లకు 12,280 కోట్లతో ఆమోదం తెలిపింది. ఏడాది తిరిగేసరికి సంఖ్య మారింది, తూటా మారింది, తుపాకీ ఏకే-203 అయింది. దాని తూటా పొట్టిది, దూరం తక్కువ. 500 మీటర్లు తప్పనిసరి అని చెప్పిన నిపుణులే అంతకంటే తక్కువ దూరానికి ఎలా ఒప్పుకున్నారో సైన్యం ప్రజలకు వివరించలేదు. ఏకే మంచి తుపాకీయే, బురదలో పడ్డా పనిచేస్తుంది. అదే నిజమైతే 1999లో కూడా నిజమే కదా!

కోర్వా కర్మాగారాన్ని 2019 మార్చిలో ప్రధాని ప్రారంభించారు. ధర మీద, సాంకేతికత బదిలీ మీద బేరం తెగి ఒప్పందం కుదరడానికి 2021 డిసెంబరు వచ్చింది. 2025 జూలై నాటికి సైన్యానికి అందినవి సుమారు 48 వేలు. ఆరు లక్షల్లో పన్నెండో వంతు కూడా కాదు. రెండు విమానాల ధరకు వచ్చే సరుకు కోసం పడిన నిరీక్షణ ఇది.

అమెరికా సిగ్-716 కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అత్యవసరం పేరుతో 2019 ఫిబ్రవరిలో 72,400 రైఫిళ్లు సుమారు 650 కోట్లకు కొన్నారు. అదే తుపాకీని మళ్లీ కొనడానికి 2020 సెప్టెంబరులో ఆమోదం ఇచ్చి, 2024 ఆగస్టులో 73 వేలకు సంతకం చేశారు. ఆమోదానికీ సంతకానికీ మధ్య నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో అదే తూటా కాల్చే రైఫిల్ ఒకటి మన దేశంలోనే తయారైంది. పుణెలోని ప్రభుత్వ ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ కంపెనీ కలిసి రూపొందించిన ‘ఉగ్రం’ 2024 జనవరిలో బయటికొచ్చింది. బరువు నాలుగు కిలోల లోపు, పరిధి 500 మీటర్లు. అది సిగ్‌కు సాటి వస్తుందా, రాదా అన్నది పరీక్షలు తేల్చాలి. కానీ రెండో దఫా సంతకానికి ముందు పక్కపక్కన పెట్టి కాల్చి చూశామని సైన్యం ఎక్కడా చెప్పలేదు.

కార్బైన్ల విషయంలో జరిగింది తలచుకుంటే కోపం ఆగదు. ఇరుకు గదుల్లో, వాహనాల్లో పోరాడే జవానుకు పొట్టి తుపాకీ కావాలని 44,618 కార్బైన్ల కోసం 2010 ప్రాంతంలో మొదలైన టెండర్, చివరికి ఒకే కంపెనీ మిగలడంతో ఆగి రద్దయింది. 2018లో అత్యవసర మార్గంలో 93,895 అన్నారు. యూఏఈకి చెందిన కారకల్ తక్కువ ధర కోట్ చేసి గెలిచింది. రెండేళ్లు ఆపి, 2020 సెప్టెంబరులో అదీ రద్దు. ఆ కంపెనీయే తర్వాత హైదరాబాద్‌లో ఐకామ్ అనే సంస్థతో కలిసి తుపాకుల తయారీ పెట్టింది. మూడోసారి మొదలుపెట్టి 2025 డిసెంబరులో భారత్ ఫోర్జ్, పీఎల్‌ఆర్ సిస్టమ్స్‌లతో 4.25 లక్షల కార్బైన్లకు ఒప్పందం చేసుకున్నారు. విలువ 2,770 కోట్లు. రఫేల్ లెక్కలో ఒక విమానం మీద కాస్త ఎక్కువ. ఒక విమానం ధరకు పదిహేనేళ్లు!

రక్షణ కొనుగోళ్లు ఆషామాషీ కాదని, రాజస్థాన్ ఎండలో, సియాచిన్ చలిలో పరీక్షించాలని, బోఫోర్స్ కుంభకోణం తర్వాత ప్రతి ఫైలు మీదా సంతకానికి అధికారులు భయపడతారని అంటారు. ఒప్పుకుంటాను. పరీక్షకు రెండేళ్లు, మూడేళ్లు ఇద్దాం. పరీక్షలన్నీ అయ్యాక, ధర తేలాక, గెలిచిన కంపెనీ ఎదురుచూస్తుండగా రద్దు చేయడానికి ఎండా చలీ కారణాలు కావు. సంతకం చేస్తే విచారణ వస్తుంది, చేయకపోతే ఏమీ రాదు. ఆలస్యం చేసినందుకు ఈ ఇరవై ఏళ్లలో ఎవరిని అడిగాం?

ఫలితం పటాలంలో కనబడుతుంది. పాత ఇన్సాస్‌కు ఒక తూటా, ఏకేకు ఇంకొకటి, సిగ్‌కు వేరొకటి. చివరి రెండింటినీ 7.62 అనే అంటారు, కానీ ఒకదాని తూటా మరొకదానిలో పట్టదు. పక్క సెక్షన్ దగ్గర తూటాలు మిగిలినా, అయిపోయిన జవానుకు అవి పనికిరావు. కొండపైకి సరఫరా మోసే వాళ్లు మూడు రకాల పెట్టెలు మోయాలి. వాస్తవాధీన రేఖ దగ్గర ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

ఏకేలు, రెండు దఫాల సిగ్‌లు, కార్బైన్లు అన్నీ కలిపి కూడితే పదివేల కోట్లు దాటదు. నాలుగు విమానాల ధర. సంఖ్యలో పది లక్షలు మించిన తుపాకులకు ఇంతే ఖర్చు. ఈ నాలుగు విమానాల ధరను ఇరవై ఏళ్లు ఖర్చు పెట్టలేకపోయిన వ్యవస్థను వదిలేసి, స్వదేశీయా విదేశీయా అని కొట్టుకుంటున్నాం. రక్షణ మంత్రి పార్లమెంటు ముందు నాలుగు కాగితాలు పెట్టాలి. 2011లో రెండు గొట్టాల షరతు ఎవరు రాశారు, ఎవరు ఆమోదించారు? 2020లో కార్బైన్ టెండర్ రద్దుకు ఫైలులో రాసిన కారణం ఏమిటి? 500 మీటర్ల నియమాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వదిలేశారు? ఉగ్రం మీద సైన్యం పరీక్ష ఏ తేదీకి ముగుస్తుంది? ఆ కాగితాలు వచ్చేదాకా పదాతి దళం కోసం మరో కొత్త రైఫిల్ షరతులు రాయనివ్వకూడదు. రాసినా, కింద రాసిన అధికారి పేరు, హోదా, తేదీ ఉండాలి. ఆయన బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా పార్లమెంటు స్థాయీ సంఘం పిలిస్తే వచ్చి జవాబు చెప్పాలి.