గుండె ఆగిందంటే సరిపోదు

ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతన్నను ‘బీపీ మాత్ర వేసుకున్నావా’ అని అడగండి. ‘తల తిరిగేది తగ్గింది కదన్నా, ఇంకెందుకు?’ అంటాడు. సగం మాత్రలు గూట్లోనే ఉంటాయి. అతనే ఒకనాటి తెల్లవారుజామున లేవకపోతే వీధంతా ఒకటే మాట: రాత్రి బాగానే తిన్నాడు, గుండె ఆగిపోయింది. కాగితం మీదికి ఆ మాటే ఎక్కుతుంది, లేదా ఏదీ ఎక్కదు. గుండె ఆగకుండా పోయినవారు లోకంలో ఎవరున్నారు? ఎందుకు ఆగిందో కదా తేలాల్సింది. అదుపు తప్పిన బీపీయా, ముదిరిన షుగరా, చెడిపోయిన కిడ్నీలా?

దేశం మొత్తం మీద లెక్క ఉంది. 1990లో మరణాల్లో 37.9 శాతం అంటువ్యాధులు కాని జబ్బులవల్ల సంభవిస్తే, 2016 నాటికి అది 61.8 శాతానికి చేరిందని ఐసీఎంఆర్ భాగస్వామిగా జరిగిన అధ్యయనం తేల్చింది. షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు, బీపీ ఉన్నవారు 31.5 కోట్లని 2023లో మరో అంచనా వచ్చింది. మరి హిందూపురంలో చింతపండు బస్తాలు మోసే హమాలీల్లో, పెనుకొండ పక్కన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుల్లో వెళ్లొచ్చే కుర్రాళ్ల తల్లిదండ్రుల్లో ఎందరు అరవై దాటకుండా పోతున్నారు, దేనివల్ల? ఇది మండలాలవారీగా జనానికి చెప్పేవారు లేరు.

చట్టంలో దారి లేక కాదు. చివరి జబ్బుకు చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణం రాసివ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే చెబుతోంది. 2023 సవరణ ఆ బాధ్యతను అన్ని ఆసుపత్రులపైనా పెట్టింది. పాత చట్టం ఉన్నా, ఆ సవరణకు ముందు 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో పోయినవారికి వైద్యుడే ఉండడు, ఇక రాసేదెవరు? ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, మన ఈ మూడు ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. మూడూ బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి. ప్రాణం మీదికొస్తే పరుగు అటే. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి కాబట్టి, హిందూపురం మనిషి బెంగళూరు ఆసుపత్రిలో పోతే ఆ చావు కర్ణాటక పద్దులో పడుతుంది. మనిషి మనవాడు, లెక్క వాళ్లది.

ఇది తేల్చలేని పనేమీ కాదు. ఇరవై ఏళ్ల కిందటే గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో చేసి చూపించారు. 2004తో ముగిసిన ఏడాదిలో అక్కడ జరిగిన 1,354 మరణాల్లో దాదాపు అన్నింటికీ ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. వెర్బల్ అటాప్సీ అంటారు దీన్ని. పల్లెల్లో జ్వరాలతోనే పోతారనుకున్నవారికి ఆ జాబితా షాకిచ్చింది: గుండె, రక్తనాళాల జబ్బులవి 32 శాతం. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. గోదావరి గట్టున చేయగలిగింది పెన్న పరీవాహకంలో ఎందుకు చేయలేం?

మరణాల లెక్క, దానికి తగిన చర్యలు ఎలా ఉంటాయో దక్షిణాఫ్రికాను చూడండి. మనకంటే ధనిక దేశమే, కానీ ఆసుపత్రుల ముందు క్యూలు అక్కడా తక్కువేం కావు. 2016 మరణ పత్రాలను లెక్కగట్టి, క్షయ తర్వాత ఎక్కువమందిని తీసుకెళుతున్నది షుగరేనని ఆ దేశ గణాంక సంస్థ ప్రకటించింది. అదే ఏడాది నుంచి బ్రెడ్డు, చిప్స్ వంటివాటిలో ఉప్పుకు చట్టపరమైన హద్దు అమల్లోకొచ్చింది. 2018లో తీపి పానీయాలపై పన్ను పడింది. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికి దగ్గరి కేంద్రాల్లో తీసుకునే ఏర్పాటూ చేశారు. మన నేతన్న ఒక పూట మగ్గం ఆపుకుని ఆసుపత్రి వరసలో నిలబడితే ఆ పూట కూలి పోతుంది. మాత్ర మానేయడానికి అలసత్వం కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

పెనుకొండ వైద్య కళాశాల ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్న రగడ పత్రికల్లో పేజీలు నింపింది. అవసరమైన రగడే. కానీ ఏ విభాగానికి ఎన్ని మంచాలు కావాలో చెప్పే లెక్క లేకుండా కాలేజీ ఎవరిదైతేనేం?

మరణ కారణాలు తేల్చే పనిని శ్రీసత్యసాయి జిల్లా యంత్రాంగం ఈ మూడు పట్టణాల నుంచే మొదలుపెట్టాలి. ముప్ఫై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య పోయిన ప్రతి ఒక్కరి ఇంటికీ, కర్మలు అయ్యాక, ఏఎన్‌ఎం వెళ్లాలి. బెంగళూరులో పోయినవారి ఇళ్లకూ వెళ్లాలి. మూడు నెలలకోసారి వార్డులవారీగా ఆ లెక్క సచివాలయం బోర్డు మీద కనిపించాలి, పేర్లు లేకుండా. బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా ఒకేసారి వీధిలోనే ఇవ్వాలి. ఏఎన్‌ఎంలు ఇప్పటికే యాప్‌లతో సతమతమవుతున్నారంటారా? నిజమే. ఫొటోలు ఎక్కించే పని ఒకటి తీసేసి ఇది ఇవ్వండి.

మరణ నమోదు ఫారంలో ఇప్పటికే కొన్ని గడులున్నాయి: బీడీ, సిగరెట్ తాగేవారా, పొగాకు నమిలేవారా, మద్యం అలవాటు ఉందా, ఎన్నేళ్లుగా? ముందు కలెక్టరు ఈ మూడు ఊళ్ల నుంచి గత నెల ఫారాలు తెప్పించుకుని, ఆ గడుల్లో ఎన్ని నిండాయో చూడాలి.